మూత విప్పకముందే ఇచ్చిన తీర్పు

2025 మే నెలలో మా ఇంట మూడు రోజులపాటు ఎవరూ ఎవరితోనూ మనసు విప్పి మాట్లాడలేదు. కారణం ఒక ల్యాప్‌టాప్. ఎదిగిన పిల్లలున్న ప్రతి ఇంటా ఏదో ఒక రూపంలో ఇటువంటి సందర్భం వచ్చే ఉంటుంది, లేదా రేపు రానున్నది. అందుకే మేము చేసిన పొరపాటును, దాని నుండి నేర్చుకున్న సంగతులను ఈ నెల మీ ముందుంచుతున్నాము.

2022లో మా పెద్దబ్బాయి సివిల్ ఇంజనీరింగ్ రెండవ సంవత్సరంలో ఉండగా గేమింగ్ ల్యాప్‌టాప్ కావాలని అడిగాడు. ఆ పేరు వినగానే మా ముఖం చిట్లింది. “చదువుకునేవాడికి ఆటల యంత్రం ఎందుకు బేటా?” అన్నాము. వాడు నొచ్చుకోకుండా మమ్మల్ని కూర్చోబెట్టి వివరించాడు. కాగితం మీది ఇంటి ప్లానును తెరపై నిలువెత్తు భవనంగా నిలబెట్టి, కిటికీలోంచి పడే వెలుగును, గోడమీది నీడను నిజమైనట్లు చూపించాలంటే లక్షలాది చుక్కల రంగును ఏకకాలంలో లెక్కగట్టాలి. ఆ లెక్క ఒక్క ప్రాసెసర్‌కే వదిలేస్తే చాలా సమయం పడుతుంది. గ్రాఫిక్స్ చిప్ ఆ పనికోసమే తయారైనది; వేలాది చిన్న లెక్కలను పక్కపక్కనే చేసుకుపోతుంది. ఆటలో పరుగెత్తే కారును చూపించేదీ, కట్టబోయే ఇంటి హాలును చూపించేదీ ఆ చిప్పే. ఇదే పనికి ‘వర్క్‌స్టేషన్’ పేరుతో అమ్మే ల్యాప్‌టాప్‌ల ధర సామాన్య కుటుంబానికి అందేది కాదు గనుక ఇంజనీరింగ్, ఆర్కిటెక్చర్, వీడియో ఎడిటింగ్ నేర్చుకునే పిల్లల్లో చాలామంది గేమింగ్ ల్యాప్‌టాప్‌నే ఆశ్రయిస్తారు.

వాడి మాటలో న్యాయం కనిపించింది. 72,000 రూపాయలు పెట్టి కొన్నాము. అందులో ఆర్‌టీఎక్స్ 3050 గ్రాఫిక్స్ చిప్, దానికి సొంతంగా 4 జీబీ మెమరీ, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్నాయి. పగలు చదువు, సాయంత్రం కొంతసేపు తమ్ముడితో కలిసి ఆట, రాత్రి మేము చూసుకునే ప్రసంగాలు, వార్తలు. ఆ విధంగా అది ఒక్కరిది కాక ఇంటిల్లిపాదికీ చెందిన వస్తువైంది. చివరి సంవత్సరానికి వచ్చేసరికి వాడు ఊళ్లోని బిల్డర్లకు ఇళ్ల త్రీడీ చిత్రాలు చేసిపెట్టి నాలుగు రూపాయలు సంపాదించడం కూడా మొదలుపెట్టాడు.

అంతలో యంత్రం మొండికేసింది. తెరిచిన పది నిమిషాలకే ఫ్యాన్లు మిక్సీలా హోరెత్తేవి. కీబోర్డు పైభాగం చేయి పెట్టలేనంతగా కాలేది. రెండు గంటల్లో పూర్తి కావలసిన రెండరింగ్ రాత్రంతా సాగి, ఫజర్ వేళకు చూస్తే తెర నల్లగా ఉండేది; వేడికి తట్టుకోలేక తనకు తానే ఆగిపోయేదన్నమాట. ఒక బిల్డరుకు చెప్పిన రోజున చిత్రాలు ఇవ్వలేకపోయాడు. 6,000 రూపాయల పని పోయింది. పోయిన డబ్బుకంటే పోయిన మాట వాడిని ఎక్కువగా బాధించింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర వాడు కొత్త ల్యాప్‌టాప్ మాట ఎత్తాడు. ధర 1,35,000 రూపాయలు. ఇంట్లో ఉన్నది 1,40,000. అది ఇంటర్ పూర్తిచేసిన మా అమ్మాయిని బీ.ఫార్మసీలో చేర్పించడానికి, హాస్టలు ఖర్చుకు రెండేళ్లుగా కూడబెట్టిన సొమ్ము. మాకు కోపం వచ్చింది. “రాత్రింబవళ్లు ఆటలాడితే యంత్రం పాడు కాక ఏమవుతుంది?” అన్నాము. వాడు తలెత్తి ఒక్కసారి మా వంక చూసి, ఏమీ అనకుండా చేయి కడుక్కుని లేచిపోయాడు. కొద్దిసేపటికి మా అమ్మాయి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. “అబ్బా, నా చదువు వచ్చే ఏడాది చూసుకుందాము. భయ్యా పని ఆగిపోతే మళ్లీ దొరకదు కదా” అన్నది. ఆ మాట విన్న తరువాత మాకు నిద్ర పట్టలేదు. ఒక బిడ్డ అవసరం మరొక బిడ్డ చదువును అడ్డుకునే స్థితి ఏ తల్లిదండ్రులకైనా కష్టమే.

పేరులో లేని వడ్డీ

సొమ్ము ముట్టుకోకుండా వాయిదాలపై కొనవచ్చని మరునాడు మా అబ్బాయి ఒక ప్రకటన చూపించాడు. ‘నో కాస్ట్ ఈఎంఐ’ అని అందులో పెద్ద అక్షరాలతో ఉన్నది. వడ్డీకి దూరంగా ఉండాలని కోరుకునే మన కుటుంబాలు ఈ పేరును చూసి నిశ్చింతపడడం సహజం. కాని దాని లెక్క తెలుసుకోవలసి ఉన్నది. క్రెడిట్ కార్డుపై ఇచ్చే ఈ పథకాల్లో సాధారణంగా బ్యాంకు తన వడ్డీని తాను వేస్తుంది. ఆ వడ్డీకి సమానమైన మొత్తాన్ని అమ్మకందారు ధరలో ముందుగానే తగ్గిస్తాడు. అందువల్ల మొత్తం కలిపితే వస్తువు ధరకు సరిపోయినట్లు కనబడుతుంది. అయితే బ్యాంకు పంపే కాగితంలో వడ్డీ అనే వరుస ఉండనే ఉంటుంది. ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీ, కొన్నిచోట్ల ప్రాసెసింగ్ రుసుము మనమే చెల్లించాలి. ఒక వాయిదా తప్పితే జరిమానా వేరు. పేరులో వడ్డీ లేకపోయినా కాగితంలో ఉన్నదన్నమాట. సంతకానికి ముందు ఆ కాగితాన్ని పూర్తిగా చదవడం, సందేహముంటే నమ్మకమైన ఆలిమ్‌ను అడగడం మంచిది. మేము ఆ దారి వద్దనుకున్నాము.

మూడవ రోజున మా శ్రీమతి ఒక మాట అన్నది. “మనిషికి జ్వరం వస్తే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్తాము. దీనికి ఏమైందో ఎవరికైనా చూపించారా?” మేమూ, మా అబ్బాయీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. కొనాలా వద్దా అని మూడు రోజులు వాదించుకున్నామే గాని, దాని మూత విప్పించాలన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు.

పరుపు తెచ్చిన ముప్పు

మా వీధి చివర ఇరవై ఏళ్లుగా కంప్యూటర్లు బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నారు. మా పిల్లలు ఆయనను చాచా అని పిలుస్తారు. ఆయన ల్యాప్‌టాప్‌ను తిరగేసి, స్క్రూలు తీసి, అడుగు మూత విప్పారు. రెండు ఫ్యాన్ల పక్కన గాలి బయటికి పోయే సన్నని రేకుల సందుల్లో బూడిదరంగు దుమ్ము ఉన్నిగుడ్డలా పేరుకుని ఉన్నది. ఆయన దాన్ని పట్టకారుతో లాగితే ఒక ముక్కగా ఊడి వచ్చింది. వేళ్ల మధ్య నలిపి చూసి, “ఇది దుమ్ము ఒక్కటే కాదు భాయ్ సాబ్, దూది పోగులు కూడా ఉన్నాయి. దీన్ని పరుపు మీద పెట్టి వాడేది ఎవరు?” అని అడిగారు.

మా అబ్బాయి మాట్లాడలేదు. వాడు మేజా బల్ల మీద తప్ప మరెక్కడా పెట్టడు. ఇషా తరువాత పడక మీద, రజాయి మీద పెట్టుకుని గంటల తరబడి ప్రసంగాలు చూసేది మేము. గేమింగ్ ల్యాప్‌టాప్‌లు చాలావరకు చల్లగాలిని అడుగునుండి పీల్చుకుని, వేడిగాలిని వెనుకనుండి, పక్కలనుండి వదులుతాయి. పరుపు ఆ అడుగు రంధ్రాలను మూసివేస్తుంది. పైగా నూగును లోపలికి అందిస్తుంది. ఈ సంగతి మా అబ్బాయికి తెలుసు. ఆటలే కారణమని మేము నిందించిన రాత్రి కూడా వాడు మా వైపు వేలు చూపలేదు. ఆ దుకాణంలో నిలబడి మేము సిగ్గుపడ్డాము. “తప్పు మాది బేటా, క్షమించు” అన్నాము. “అట్లా అనకండి అబ్బా” అని వాడు మా చేయి పట్టుకున్నాడు.

చాచా చూపించిన లోపాలు మూడు. మొదటిది దుమ్ము, దానితోపాటు ఎండిపోయిన థర్మల్ పేస్ట్. చిప్‌కూ, వేడిని మోసుకుపోయే రాగి గొట్టాలకూ మధ్య పూసే ఆ పేస్ట్ కొన్నేళ్లకు ఎండిపోతుంది. అప్పుడు వేడి దిగక, చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. నెమ్మదించడం వెనుక ఉన్న అసలు కారణం అది. రెండవది ర్యామ్. రెండు స్లాట్లలో ఒక్కదానిలోనే 8 జీబీ కార్డు ఉన్నది, రెండవది ఖాళీ. ఒకే కార్డు ఉంటే సమాచారం ఒకే దారిలో నడుస్తుంది. జత ఉంటే రెండు దారులు తెరుచుకుంటాయి. మూడవది ఎస్ఎస్‌డీ. 512 జీబీలో ఖాళీ 9 జీబీ మాత్రమే మిగిలింది. నిండిన ఎస్ఎస్‌డీ నెమ్మదిస్తుంది. నేటి పెద్ద ఆటల్లో కొన్ని ఒక్కొక్కటే 100 జీబీ దాటుతాయి. మూడు ఆటలు, నాలుగేళ్ల చదువు, బిల్డర్ల ఫైళ్లు అన్నీ ఆ ఇరుకులోనే ఉన్నాయి.

మేము పెట్టిన ఖర్చు ఇది: శుభ్రపరచి కొత్త పేస్ట్ పూసినందుకు 900, పాతదానికి సరిజోడైన 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ కార్డుకు 1,800, 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీకి 5,400. మొత్తం 8,100 రూపాయలు. ఆ రాత్రి మా అబ్బాయి బిల్డరుకు ఇవ్వలేకపోయిన అదే పనిని మళ్లీ నడిపించి చూశాడు. పని భారంలో 97 డిగ్రీలకు చేరే ప్రాసెసర్ వేడి 82 దగ్గర నిలిచింది. రెండు గంటలలోపే చిత్రాలు పూర్తయ్యాయి.

ఏది మార్చగలము, ఏది మార్చలేము

ఇక్కడ ఒక భ్రమను తొలగించవలసి ఉన్నది. గేమింగ్ ల్యాప్‌టాప్‌లో అన్నింటినీ మార్చుకోలేము. ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ దాదాపు అన్ని నేటి ల్యాప్‌టాప్‌లలోనూ మదర్‌బోర్డుకు అతికించి వస్తాయి. కొన్ననాడు ఏది ఉన్నదో, చివరివరకూ అదే. ఎస్ఎస్‌డీని మార్చవచ్చు, చాలా గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో రెండవ ఎస్ఎస్‌డీకి కూడా చోటు ఉంటుంది. ర్యామ్‌ను చాలావాటిలో మార్చవచ్చు గాని, పలుచటి నమూనాల్లో కొన్నింటిలో అదీ అతికించే వస్తుంది. బ్యాటరీని, ఫ్యాన్లను, కీబోర్డును మార్చవచ్చు.

మా ల్యాప్‌టాప్‌లోనూ గ్రాఫిక్స్ మెమరీ ఇప్పటికీ 4 జీబీయే. పెద్ద అపార్ట్‌మెంటు మొత్తాన్ని ఒకేసారి చూపించమంటే అది నేటికీ మొరాయిస్తుంది. మా అబ్బాయి గోడల, నేలల చిత్రాల పరిమాణం తగ్గించి, దృశ్యాన్ని ముక్కలు చేసి పని గడుపుకుంటున్నాడు. మరమ్మతు అద్భుతాలు చేయదు. ఉన్న శక్తిని తిరిగి ఇస్తుంది.

మీ ఇంటి యంత్రాన్ని విప్పించే ముందు కొన్ని జాగ్రత్తలు పాటించండి. వారంటీ మిగిలి ఉంటే మూత తీయడం వల్ల అది పోతుందో లేదో సర్వీసు కేంద్రాన్ని ముందుగా అడగండి. ముఖ్యమైన ఫైళ్లన్నింటినీ బయటి డిస్కులోకి నకలు తీసుకోండి. విండోస్‌లో బిట్‌లాకర్ తాళం ఉంటే, దాని రికవరీ కీని కాగితంపై రాసి పెట్టుకోండి. అది లేకుంటే ఎస్ఎస్‌డీ మార్చే సమయంలో మీ ఫైళ్లే మీకు తెరుచుకోకపోవచ్చు. ర్యామ్ కొనేటప్పుడు డీడీఆర్4, డీడీఆర్5 తేడా చూసుకోండి. ఒకదాని చోట మరొకటి పట్టదు. చార్జర్ తీసి, లోపలి బ్యాటరీ తీగను విడదీసిన తరువాతనే మిగతా పని చేయాలి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోవాలి. బ్యాటరీ ఉబ్బి కనిపిస్తే దాన్ని గుచ్చడం, నొక్కడం, చెత్తబుట్టలో వేయడం ప్రమాదకరం. మార్పించి, ఈ-వ్యర్థాలు సేకరించేవారికే అప్పగించాలి. చేయి తిరగనివారు ఈ పనిని తెలిసినవారి చేతికి ఇవ్వడమే క్షేమం.

కొత్తది కొనక తప్పనివారికి

కొన్ని ఇళ్లలో కొత్తది కొనడమే సరైన నిర్ణయం కావచ్చు. అటువంటివారు పేరును బట్టి కాక నాలుగు ప్రశ్నలు అడిగి కొనాలి. మొదటిది, గ్రాఫిక్స్ చిప్‌కు ఎన్ని వాట్ల కరెంటు అందుతుంది? ఒకే పేరున్న చిప్‌ను కంపెనీలు వేర్వేరు శక్తితో అమర్చుతాయి. ఉదాహరణకు ల్యాప్‌టాప్‌లలో వచ్చే ఆర్‌టీఎక్స్ 4060 చిప్‌కు ఆ పరిధి 35 నుండి 115 వాట్ల వరకు ఉన్నది. పెట్టెపై పేరు ఒక్కటే; లోపలి పని ఒక్కటి కాదు. రెండవది, గ్రాఫిక్స్ మెమరీ ఎంత? త్రీడీ పని చేసేవారు 8 జీబీకి తగ్గకుండా చూసుకోవడం మేలు, ఎందుకంటే తరువాత దాన్ని పెంచలేరు. మూడవది, ర్యామ్ స్లాట్లు, ఎస్ఎస్‌డీ స్లాట్లు ఎన్ని, వాటిలో ఖాళీవి ఎన్ని? నాలుగవది, చార్జర్ బరువు, బ్యాటరీ సంగతి ఏమిటి? బ్యాటరీపై నడిచేటప్పుడు ఈ యంత్రాలు పూర్తి శక్తిని ఇవ్వవు. భారీ పనికి ప్లగ్ పెట్టుకునే కూర్చోవాలి. రోజూ బస్సులో కళాశాలకు మోసుకుపోయే ఆడపిల్లకో మగపిల్లవాడికో ఈ భారం తగునా అని కూడా ఆలోచించాలి. రాతపనికి, లెక్కలకు, ఆన్‌లైన్ పాఠాలకు ఇంత శక్తి అవసరమే లేదు.

హైదరాబాదుకు దగ్గరగా ఉన్నవారికి సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అనగా అందరూ సీటీసీ అని పిలిచే చోటు, తెలిసినదే. అక్కడ నాలుగు దుకాణాల్లో ధర అడిగి, బిల్లు తీసుకుని కొనవచ్చు. అయితే మేము చెప్పిన ర్యామ్ ధర ఇప్పుడు దొరుకుతుందని ఆశించవద్దు. కృత్రిమ మేధ కోసం నిర్మిస్తున్న డేటా కేంద్రాలు మెమరీ చిప్‌లను పెద్దయెత్తున తీసుకోవడం వల్ల 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. కనుక ర్యామ్ కొనే ముందు అది నిజంగా చాలడం లేదో, దుమ్మే కారణమో తేల్చుకోవడం ఇప్పుడు మరింత అవసరం.

ఆట సంగతి

ఆట విషయంలో మేము మారామా అని మీరు అడగవచ్చు. కొంత మారాము. ఆట యంత్రాన్ని పాడుచేయలేదని తేలింది గాని, ఆటకు హద్దు అక్కరలేదని తేలలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణలో ఆటల వ్యసనాన్ని ఒక రుగ్మతగా చేర్చింది. ఆ వర్గీకరణ 2022 జనవరి నుండి అమలులో ఉన్నది. ఆడే ప్రతి పిల్లవాడూ రోగి అని దాని అర్థం కాదు. ఆటపై అదుపు పోయి, చదువు, నిద్ర, మనుషులు అన్నీ దాని తరువాతే అయినప్పుడు జాగ్రత్తపడాలని అర్థం.

డబ్బుతో ముడిపడిన ఆటల సంగతి వేరు. ఆన్‌లైన్ రమ్మీ వంటి పందెపు ఆటలను తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది. జూదం మన ఇళ్లలో ఎన్నడూ సమ్మతం కాదు గనుక ఈ విషయంలో పిల్లలతో స్పష్టంగా మాట్లాడడానికి చట్టం కోసం ఎదురుచూడవలసిన పని లేదు. ఆటలోపల ఆయుధాలకు, దుస్తులకు అడిగే చిన్న చిన్న మొత్తాల మీద కూడా ఒక కన్ను ఉండాలి. మా ఇంట బ్యాంకు కార్డును ఆ ల్యాప్‌టాప్‌లో భద్రపరచలేదు.

మా ఇంటి నియమాలను పిల్లలతో కూర్చుని రాసుకున్నాము. యంత్రం హాలులోని బల్ల మీదే ఉంటుంది. పని మొదట, ఆట తరువాత. అజాన్ వినబడితే ఎక్కడి ఆట అక్కడ ఆగుతుంది. అందుకే మధ్యలో వదిలితే జట్టు నష్టపోయే ఆటను నమాజు వేళకు ముందు మొదలుపెట్టరు. ఈ నియమం చెప్పినది మా చిన్నవాడే. ఇషా తరువాత ల్యాప్‌టాప్ ఎవరికీ పడక మీదకు పోదు. ఈ చివరి నియమం మా కోసం రాసినది.

ఒక సాయంత్రం వాళ్లు మమ్మల్ని కూడా ఆటకు పిలిచారు. కార్ల పందెంలో మా కారు మొదటి మలుపులోనే గోడను ఢీకొన్నది. పిల్లలు ముగ్గురూ పడీ పడీ నవ్వారు. ఆ యంత్రం కొన్న మూడేళ్లలో వాళ్ల పక్కన కూర్చుని అది ఏమిటో చూసినది అదే తొలిసారి. పక్కన కూర్చుని ఉంటే ఆ రాత్రి భోజనాల దగ్గర అంత మాట మా నోట వచ్చేది కాదేమో.

ఆ సంవత్సరం మా అమ్మాయి బీ.ఫార్మసీలో చేరింది. ఫీజు కట్టడానికి వెళ్లిన రోజున మా అబ్బాయి మాతోపాటు వచ్చి, తన సంపాదనలోంచి 5,000 రూపాయలు చెల్లెలి చేతిలో పెట్టి, “పుస్తకాలకు” అన్నాడు. తరువాతి ల్యాప్‌టాప్ కోసం వాడు తన పని డబ్బులోంచి నెలనెలా కొంత దాచుకుంటున్నాడు. ఎప్పుడు కొనాలో వాడే నిర్ణయించుకుంటాడు. అది పూర్తి సొమ్ము చేతికి వచ్చిన తరువాతనే.

హాస్టలుకు వెళ్లే ముందు రోజు మా అమ్మాయి ఒక చిన్న చెక్కపలకను మా మంచం పక్కన పెట్టింది. ల్యాప్‌టాప్ మళ్లీ ఎప్పుడైనా పడక దగ్గరకు వస్తే దాని కింద పెట్టడానికట. దానిపై తన చేతిరాతతో ఇట్లా రాసింది: “అబ్బా, దీనికి కూడా ఊపిరి ఆడాలి.”